ఎర్మెస్ బిగించిన చక్రం

మా ఊళ్లో కుర్చీ కాలు ఊగినా, తలుపు బందు వదులైనా "ఎర్మెస్ బిగించినట్టుంది" అంటారు. చిన్నప్పుడు నేనూ అన్నాను. ఎర్మెస్ అనే మనిషి ఒకడున్నాడని తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఒకరోజు రొట్టెల కొట్టులో బుట్ట పిడి ఊడి చేతిలోకి వస్తే అలవాటుగా ఆ మాట అనేశాను. నా ముందు వరసలో నిలబడ్డ పొడుగాటి మనిషి వెనక్కి తిరిగి నన్ను చూసి, రొట్టె తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మ నా చెవి మెలిపెట్టి చెప్పింది, ఆయనే ఎర్మెస్ కవాజుతి అని.

ఆయన ఒకప్పుడు లుగారి కంపెనీలో పందెం కార్ల మెకానిక్కు. ఇటలీలో మోదెనా పట్నం దాటి కొండలు మొదలయ్యే చోట ఉంది ఆ కంపెనీ. ఇప్పుడు నేను పనిచేస్తున్నదీ అక్కడే, లేత్ మీద. పెద్దాయన అత్తిలియో లుగారి తన కాలంలో మొత్తం పద్నాలుగు పందెం కార్లు చేశాడు. గాలిలో ఒక్కచోటే నిలబడి రెక్కలాడించే చిన్న డేగను మేం గెప్పియో అంటాం. ఆ కార్లకు ఆ పేరే పెట్టాడు. చుట్టుపక్కల పెద్ద పెద్ద కంపెనీలు ఉండగా, ఇరవైమంది పనివాళ్లతో చేసిన ఆ బండి మూడేళ్లు వరసగా కొండదారి పందెం గెలిచింది. మా తాతల ఇళ్లలో క్రీస్తు బొమ్మ పక్కన ఆ కారు ఫోటో ఉండేది.

నాలుగో ఏడు, 1971 మే నెలలో, ఆఖరి మలుపుకు ముందు మలుపులో గెప్పియో ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు లోయలోకి దొర్లింది. నడుపుతున్న లివియో సెర్రి బతికాడు కాని కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఆ కార్లలో చక్రాన్ని ఇరుసు కొసన ఒకే ఒక పెద్ద నట్టు పట్టి ఉంచేది. ఆ నట్టుతో పాటు ఇరుసు కొస కూడా విరిగి లోయలో పడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. నట్టు సరిగా బిగించలేదు, అందుకే చక్రం ఊగి ఊగి ఇరుసు కొసను విరిచేసింది అని పెద్దాయన విచారణలో రాసిచ్చాడు. ఆ చక్రం బిగించినవాడు ఎర్మెస్. అప్పుడతనికి ఇరవై నాలుగేళ్లు. కేసు అక్కడితో మూసేశారు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఎర్మెస్ జీవితంలో ఇంజను ముట్టుకోలేదు. సస్సువోలోలో నేలపలకలు కాల్చే ఫ్యాక్టరీలో ముప్పై అయిదేళ్లు బట్టీల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు.

రెండేళ్ల కిందట పెద్దాయన కూతురు ఒరియెట్టా లుగారి మళ్లీ గెప్పియో చేయాలని పూనుకుంది. పాత బండి రూపమే, ఇప్పటి ఇంజను. ఇరవై తొమ్మిది కార్లు, అంతకు ఒక్కటి కూడా ఎక్కువ చేయబోమని ప్రకటించింది. మొదటి బండికి రేకు కొట్టక ముందే ఇరవై తొమ్మిదీ అమ్ముడుపోయాయి. మా కంపెనీకి నలభై ఏళ్లుగా అంత మంచిరోజు రాలేదు. మా షెడ్డులో పాటలు పాడుకుంటూ పనిచేశాం.

అమ్మకాల వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజు కొండ మీంచి పడిపోయిన కారు శిథిలం ఇంకా మా వెనక గోదాములో టార్పాలిన్ కింద ఉంది. దాని లోహం తీసి, ప్రతి కొత్త కారు గేరు రాడ్డు పైన ఒక గుండు చేసి పెడదామన్నారు. కొన్నవాళ్లు గేరు మార్చినప్పుడల్లా ఆ కొండను చేత్తో తాకినట్టు ఉంటుందట. గుండు పాత ఇంజను అల్యూమినియంతో చేయాలి, దాని మెడకు ఉక్కు ఉంగరం తొడగాలి. ఉక్కు ఎక్కడిదంటే, ఆ ఎడమ చక్రం ఇరుసుదే కావాలన్నారు. ఆ పని నాకు అప్పజెప్పారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ ఇరుసును విప్పి బల్ల మీద పెట్టాను. విరిగిన చోట గ్రీజు, మట్టి, తుప్పు కలిసి రాయిలా గట్టిపడి ఉంది. లేత్ మీద పెట్టేముందు శుభ్రం చేయాలి కదా అని కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో రుద్దాను. మట్టి పోయాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దం పెట్టి చూశాను.

ఇనుము ఒక్కదెబ్బకు విరిగితే ఆ చోటు గరుగ్గా, చక్కెర గడ్డ పగలగొట్టినట్టు ఉంటుంది. అలాకాక చిన్న బీట పడి, వాడినకొద్దీ వెంట్రుకవాసి చొప్పున లోపలికి పాకితే, నరికిన చెట్టు మొద్దు మీద వలయాలున్నట్టు గీతలు పడతాయి. నా చేతిలోని ముక్కలో ముప్పాతిక భాగం నల్లగా, వలయాలు వలయాలుగా ఉంది. పావు వంతు మాత్రమే గరుగ్గా ఉంది. అంటే ఆ రోజు విరిగింది ఆ పావు వంతే. మిగతాది అంతకు ముందు ఎన్నో పందేలుగా చీలుతూనే ఉంది. బీట మొదలైన చోటు కూడా కనిపిస్తోంది, ఇరుసు లావు తగ్గే దగ్గర చెక్కడంలో వదిలేసిన పదునైన మూల. లేత్ మీద నా మొదటి గురువు నాకు నేర్పిన మొదటి పాఠం, అలాంటి మూలను ఎప్పుడూ గుండ్రం చేయాలని. నట్టు ఎంత బిగించినా, ఎవరు బిగించినా, ఆ ఇరుసు విరిగి తీరేదే.

నేను పొరబడి ఉండవచ్చని, లోహాలు పరీక్షించే తెలిసినాయన ఒకరు రెజ్జోలో ఉంటే ఆయనకు చూపించాను. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, నా మాటే నిజమన్నాడు. అంతటితో ఊరుకోలేక పాత డ్రాయింగుల గదిలో వెతికాను. ప్రమాదం జరిగిన మూడు వారాలకు, జూన్ నెల తేదీతో, అదే ఇరుసుకు కొత్త డ్రాయింగు ఉంది. అందులో ఆ మూల గుండ్రంగా మార్చి ఉంది. కింద పెద్దాయన సంతకం ఉంది.

డ్రాయింగునూ ఇరుసునూ తీసుకెళ్లి ఒరియెట్టా బల్ల మీద పెట్టాను. ఆమె చెడ్డ మనిషి కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు వచ్చి చూసి వెళ్లిన మనిషి. నేను చెప్పిందంతా విని చాలాసేపు ఆ సంతకం వైపే చూస్తూ ఉండిపోయింది.

"నాన్న మాకెవరికీ చెప్పలేదు," అంది చివరికి. "నివెస్, ఇంకో పదకొండు రోజుల్లో కార్లు చూపించే రోజు. ప్రపంచం నలుమూలల నుంచీ వస్తున్నారు. అది కానివ్వు. తర్వాత నేనే చూస్తాను."

"సిన్యోరా, ఎర్మెస్‌కి డెబ్బై ఏడేళ్లు. ఇంకో పదకొండు రోజులు ఆగాలంటే, అది కూడా ఆయన్నే అడగాలి."

ఆమె ఇరుసును నా వైపు నెట్టింది. దాన్ని తువ్వాలులో చుట్టి సంతసంచీలో పెట్టుకుని బయటికొచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పటికి తెలియదు.

మర్నాడు ఉదయం పొలాల మీద పొగమంచు ఇంకా విడలేదు. ఎర్మెస్ ఇల్లు ఊరి చివర కాలువ పక్కన. భార్య ఇనెస్ పోయి ఆరేళ్లయింది, ఒక్కడే ఉంటాడు. పెరట్లో ముల్లంగి మళ్ల మీద గడ్డి కప్పుతున్నాడు. నన్ను చూసి నడుం నిటారుగా పెట్టాడు.

"బార్బోలీనీల అమ్మాయివి కదూ. లుగారి వాళ్ల దగ్గర పనిచేస్తావు. దారి తప్పావా?"

తప్పలేదని చెప్పి, లోపల కూర్చుని మాట్లాడాలన్నాను. వంటింటి బల్ల మీద తువ్వాలు విప్పాను. ఆయన వెంటనే గుర్తుపట్టాడు. చేతులు వెనక్కి లాక్కున్నాడు, వేడిగా ఉన్నదాన్ని చూసినట్టు. నేను భూతద్దం ఇచ్చి, నల్ల వలయాలేమిటో, గరుకు ముక్క ఏమిటో, మూల ఎక్కడుందో ఒక్కొక్కటీ చూపించాను. ఆయన అంతా విన్నాక కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకుని, ఈసారి తనంతట తానే చూశాడు.

"నట్టు బిగియాలంటే సీసపు సుత్తితో ఏడు దెబ్బలు కొట్టేవాణ్ణి," అన్నాడు. "ప్రతి చక్రానికీ ఏడు. మొదటి ఏడాది నాకు ఆ ఏడు దెబ్బలూ చెవుల్లో వినిపించేవి. కొట్టాను, కొట్టాను అని అందరితో చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత ఆరే వినిపించాయి. ఇంకొన్నాళ్లకి అసలు కొట్టానో లేదో నాకే తెలియకుండా పోయింది. ఇనెస్ ఒక్కతే అనేది, నువ్వు కొట్టే ఉంటావు అని. నేనే నమ్మలేదమ్మాయ్."

నేను చిన్నప్పుడు రొట్టెల కొట్టులో అన్న మాట ఆయనకు గుర్తుందో లేదో. నాకు మాత్రం గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. క్షమించమని అడిగాను. దేనికో చెప్పాను. ఊరంతా అంటారు, నువ్వొక్కదానివేనా అని ఆయనే నాకు కాఫీ పెట్టి ఇచ్చాడు.

కాఫీ తాగాక, ఇది లివియో చూశాడా అని అడిగాడు. లేదన్నాను. ఎర్మెస్ లేచి కోటు తొడుక్కున్నాడు. తన వల్ల కాలు పోయిన మనిషని యాభై మూడేళ్లు అతని వీధిలో అడుగు పెట్టలేదట, ఎదురుపడితే రోడ్డు దాటిపోయేవాడట. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. లివియో కూడా ఏనాడూ పలకరించింది లేదు. అది పగ అనుకున్నాం అందరం.

లివియోకు ఎనభై రెండేళ్లు. టైర్ల కొట్టు పైన ఇల్లు. కొట్టు ఇప్పుడు కూతురు నడుపుతోంది. మేం వెళ్లేసరికి పెట్టుడు కాలు విప్పి కుర్చీకి ఆనించి, కాఫీలో రొట్టె ముంచుకుని తింటున్నాడు. గుమ్మంలో ఎర్మెస్‌ను చూసి రొట్టెముక్క కప్పులోనే వదిలేశాడు. నేను సంచీలోంచి ఇరుసు తీసి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "కూర్చో ఎర్మెస్."

ఎర్మెస్ కూర్చోలేదు.

లివియో మా ఇద్దరి వైపూ చూడకుండా చెప్పాడు. ఆ పందేనికి ముందు రెండు పందేల్లోనే ఎడమ చక్రం దగ్గర వణుకు తెలిసిందట. పెద్దాయనకు చెప్పాడు. నీకు భయం పట్టుకుందా, ఇంకొకణ్ణి చూసుకోనా అన్నాడట ఆయన. లివియోకు నాలుగోసారి కూడా గెలవాలని ఉంది. నోరు మూసుకుని ఎక్కాడు. ఆసుపత్రిలో ఉండగా పెద్దాయన వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడట. ఈ మాట బయటికొస్తే కంపెనీ మూతపడుతుంది, ఇరవై కుటుంబాలు రోడ్డున పడతాయి, నీకు నేనున్నాను అన్నాడట. నట్టు వదులని రాసిన కాగితం మీద లివియో సంతకం పెట్టాడు. తర్వాత ఈ టైర్ల కొట్టు పెట్టించాడు.

"నిన్ను చూడలేక తల తిప్పుకున్నాన్రా," అన్నాడు లివియో. "నువ్వు రోడ్డు దాటిపోతుంటే బతికిపోయాననుకునేవాణ్ణి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇంత ముసలాణ్ణయ్యాను."

ఎర్మెస్ కొడతాడేమో అని నాకు భయమేసింది. ఆయన ఇరుసును తువ్వాలులో నెమ్మదిగా చుట్టాడు.

"ఏటా మే నెలలో నీ కాలి కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను," అన్నాడు. "యాభై మూడు వెలిగించాను లివియో."

అంతే. సంచీ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. లివియో బల్ల మీది గుడ్డ మడతలు చేత్తో సర్దుతూ కూర్చున్నాడు. నేనూ ఎర్మెస్ వెనకే దిగాను.

కారు ఎక్కాక ఎర్మెస్ తనకు ఆకలేస్తోందన్నాడు. దారిపక్క హోటల్లో నూనెలో పొంగించిన వేడి వేడి ఞోక్కో రొట్టెలు, పైన పలచటి పంది మాంసం పొరలు, లాంబ్రుస్కో వైను చెప్పాం. రెండు పళ్లేలు తిన్నాడు. మూడోది కూడా తెప్పించి, సగంలో ఆగి, ఇనెస్ ఉంటే ఎంత బాగుండేదో అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. హోటలామె వచ్చి ఏమీ అడక్కుండా మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత ఒరియెట్టా తనంతట తాను ఎర్మెస్ ఇంటికి వెళ్లింది. నన్ను కూడా రమ్మంది. కంపెనీ కారులో కాదు, తన పాత ఫియట్‌లో. గుమ్మం దగ్గరే నిలబడి, మా నాన్న మీకు అన్యాయం చేశాడు, అది తెలిసిన రోజు నేను కూడా పదకొండు రోజులు ఆగుదామనుకున్నాను, రెండిటికీ సిగ్గుపడుతున్నాను అంది. ఆయన లోపలికి రమ్మని, పచ్చి వాల్‌నట్ కాయలతో తను చేసిన నల్లటి నొచీనో మద్యం చిన్న గ్లాసుల్లో పోశాడు. మీకేం కావాలో చెప్పండి అని ఆమె అడిగింది. ఎర్మెస్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"ఆ కార్లతో పాటు ఒక పుస్తకం ఇస్తున్నారట కదా. అందులో మా జట్టు ఫోటో ఉందట."

ఉంది. నేను చూశాను. మూడో గెలుపు రోజున తీసిన ఫోటో. కారు, పెద్దాయన, మెడలో పూలదండతో లివియో, నలుగురు మెకానిక్కులు. ఎడమ అంచున చక్రం మీద ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆ చెయ్యి గల మనిషిని యాభై ఏళ్ల కిందటే ఫోటోలోంచి కత్తిరించేశారు.

"నన్ను అందులో ఉంచండి," అన్నాడు. "పేరు కూడా రాయండి. ఇంకేం వద్దు."

పుస్తకాలు అప్పటికే అచ్చయి పెట్టెల్లో ఉన్నాయి. ఒరియెట్టా వాటిని పక్కన పెట్టించి మళ్లీ వేయించింది. పాత నెగెటివ్ కోసం గది గదీ గాలించాం. దొరికింది. అందులో ఇరవై మూడేళ్ల ఎర్మెస్ చెవుల దాకా నవ్వుతున్నాడు. పుస్తకం కోసం కార్ల పండుగ రెండు వారాలు వాయిదా పడింది. అమ్మకాల వాళ్లు తలలు పట్టుకున్నారు.

ఆ రోజు మా ఆవరణలో మొదటి ఆరు గెప్పియోలు వరసగా నిలబడ్డాయి. ఎర్రటి ఇటుక రంగు, డేగ రొమ్ములాంటి ముందుభాగం. మేమే చేసిన బండ్లు, అయినా వాటిని ఎండలో చూస్తే మా గుండెలు పొంగాయి. ఎర్మెస్ నాతో పాటు వెనక వరసలో నిలబడ్డాడు. ఒరియెట్టా జరిగింది జరిగినట్టు చెప్పింది, తండ్రి సంతకంతో సహా. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు లివియో చేతికర్ర మీద లేచి నిలబడ్డాడు. ఆయన మాట్లాడేది కార్యక్రమంలో లేదు. వణుకు సంగతి తనకు తెలుసనీ, తెలిసీ ఎక్కాననీ, తెలిసీ సంతకం పెట్టాననీ చెప్పాడు. పేరు పెట్టి ఎర్మెస్‌ను పిలవలేదు, క్షమించమనీ అడగలేదు. చెప్పి కూర్చున్నాడు.

కొన్నవాళ్లలో ఒకాయన మాత్రం ఇలాంటి కథ ఉన్న బండి తనకు వద్దని పేరు తీసేయించుకున్నాడు. వారం తిరక్కుండా ఆ చోటు వేరేవాళ్లతో నిండింది. గేరు గుండ్లు ఇంజను లోహంతోనే చేశాను, ఉక్కు ఉంగరాలు మానేశాం. ఇరుసు ఇప్పుడు మా కంపెనీ ముందుగదిలో, విరిగిన వైపు అందరికీ కనిపించేలా, అద్దం వెనక ఉంది.

అందరూ తినడానికి వెళ్లాక మా టెస్టు డ్రైవరు ఎర్మెస్‌ను ఒక రౌండు వేద్దాం రమ్మన్నాడు. ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కిందికి వంగి చూసి, తలుపు తెరిచాడు.

"చూడ్డానికి బావుంది. ఎక్కడానికి గోతిలో దిగినట్టుంది. ముసలాణ్ణి, మెల్లగా పోనివ్వు."

మెల్లగా పోనివ్వలేదట. కొండ పైకి వెళ్లేటప్పుడు ఇంకా, ఇంకా అని ఆయనే అన్నాడని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆ మలుపు దగ్గర ఆపమని దిగి, లోయలోకి ఒకసారి చూసి, మళ్లీ ఎక్కాడట.

శీతాకాలం మొదలైంది. ఎర్మెస్ గురువారాలు మధ్యాహ్నం చర్చి ఎదుట బార్లో బ్రిస్కొలా పేకాట ఆడతాడు. డిసెంబరులో ఒక గురువారం లివియో అక్కడికి వచ్చాడు. దూరంగా ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒక కాఫీ తాగి వెళ్లిపోయాడు. తర్వాతి వారమూ అంతే. ఎర్మెస్ పేకలోంచి తలెత్తలేదు. మూడో వారం ఎర్మెస్ జోడీగా ఆడే పోస్టుమాన్‌కు జలుబు చేసి రాలేదు. ముగ్గురే మిగిలారు. లివియో ఎప్పటిలా దూరపు బల్ల దగ్గరే ఉన్నాడు. ఎర్మెస్ పేక చాలాసేపు కలిపాడు. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు ఆడటం ఎప్పుడూ చెత్తే," అన్నాడు ఎర్మెస్, గోడ వైపు చూస్తూ. "అయినా నాలుగోవాడు కావాలి."

లివియో లేచి, చేతికర్ర బల్లకు ఆనించి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వాళ్లు మూడు ఆటలు ఆడారని, మూడూ ఓడిపోయారని, ఇద్దరి మధ్యా పేక మాటలు తప్ప వేరే మాటే లేదని బార్ యజమాని నాకు చెప్పాడు. వచ్చే గురువారం పోస్టుమాన్ వచ్చినా సరే రమ్మన్నాడట ఎర్మెస్, అతను వెళ్లేటప్పుడు.